దొరసాని వీపున పన్నెండు హుక్కులు

అది బట్టా, సామానా? డెబ్భై నాలుగు జనవరిలో మా స్టూడియోలో రెండు వందల మంది ఈ ఒక్క ప్రశ్న మీద మూడు వారాలు కొట్టుకున్నారు. గని కార్మికుల ఆందోళనతో దేశంలో బొగ్గుకి కటకట, కరెంటుకి కోత, ఫ్యాక్టరీలు వారానికి మూడు రోజులే నడుస్తున్నాయి, రొట్టెల కొట్లో కొవ్వొత్తి పెట్టుకుని బేరాలు చేస్తున్నారు. అయినా మాకు మాత్రం అదే ప్రశ్న. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనీ, నేనూ మొదట్లో నవ్వినదాన్నే.

అది అంటే మొక్క. శనివారం సాయంత్రం టీవీలో వచ్చే భయపెట్టే సీరియల్ కోసం మా నాన్న హెరాల్డ్ తయారుచేసిన రాకాసి మొక్క. గోనెగుడ్డ, ఇనపతీగ, రబ్బరుపాలు కలిపి చేశాడు. నెత్తురు రంగు నోరు, ఎనిమిది ఆకులు, మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే పట్టేంత బొజ్జ. కథలో అది ఎక్కడో అమెజాన్ అడవిలోంచి వచ్చి ఒక విధవరాలి గాజు తోటగదిలో కుదురుకుంటుంది. మొదటి వారం ఆవిడ పిల్లిని తింటుంది, రెండో వారం తోటమాలిని, మూడో వారం పోస్టుమాన్ని. దాని దర్జా చూసి స్టూడియోలో అందరూ దాన్ని దొరసాని అనేవారు. దొరసాని లోపల కూర్చునేవాడు నా మొగుడు ఐవర్.

నేను బట్టల విభాగంలో కుట్టుపని చేసేదాన్ని, నటులకు దుస్తులు తొడిగేదాన్ని. నాన్నది సామాను విభాగం. కుర్చీలు, దీపాలు, కత్తులు, శవపేటికలు అన్నీ వాళ్ళవి. ఆ విభాగానికి యూనియన్ నాయకుడు కూడా ఆయనే. ముగ్గురం బోరమ్‌వుడ్ అనే ఊళ్ళో, స్టూడియో గోడకు రెండు వీధుల అవతల, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

క్రిస్మస్ అయిన వారానికి వర్క్‌షాపులో కరెంటు తీసేశారు. రబ్బరు ఆరాలంటే వెచ్చదనం కావాలి. అందుకని నాన్న దొరసానిని వ్యాన్లో వేసుకొచ్చి మా వంటింట్లో బొగ్గు పొయ్యి ముందు నిలబెట్టాడు. నాలుగు రోజులు ఇల్లంతా ఘాటు వాసన. గుడ్డు ఉడకబెట్టినా అదే వాసన, టీ తాగినా అదే వాసన.

"బెరిల్, ఇలా రా. వీపున ఈ హుక్కులు కాస్త కుట్టిపెట్టు," అన్నాడు నాన్న నాలుగో రోజున. ఆయన వేళ్ళ కణుపులు అప్పటికే వాచిపోయి ఉండేవి. చలికాలం వస్తే చొక్కా గుండీ పెట్టుకోవడానికే పావుగంట పట్టేది.

"సామాను వాళ్ళ పనిలో బట్టల పిల్ల వేలు పెట్టొచ్చా?" అన్నాను ఎకసెక్కంగా.

"వంటింట్లో యూనియన్ లేదు. కుట్టు. బయట మాత్రం నోరు జారకు."

పన్నెండు హుక్కులు. మామూలు జాకెట్టు హుక్కులు కాదు, గుర్రం జీనుకి వాడేలాంటి లావుపాటివి. దబ్బనంతో కుట్టాను. మెడ దగ్గర మొదలుపెట్టి నేల దాకా. పైకి గోనెగుడ్డ మడత వస్తుంది కాబట్టి కెమెరాకి కనిపించవు. అవి ఎలా పెట్టాలో, ఎలా తీయాలో కళ్ళు మూసుకుని చెప్పగలను.

ఐవర్‌ని లోపల కూర్చోబెట్టి చూశాం. చేతులు రెండూ భుజాల దాకా రెండు పెద్ద ఆకుల్లోకి దూర్చాలి, వేళ్ళతో తీగలు పట్టుకోవాలి. వీపు విప్పితే తప్ప చేతులు వెనక్కి రావు.

"మామయ్యా, మధ్యలో ఒంటికొస్తే?" అన్నాడు లోపల్నుంచి.

"ముందే వెళ్ళిరా."

"ముక్కు దురద పెడితే?"

"మొక్కకి ముక్కెక్కడిదిరా! నోర్మూసుకుని ఊగు."

ఐవర్ ఊగాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి, అద్భుతంగా ఊగాడు. అతను పదిహేనేళ్ళు వేదికల మీద నాట్యం చేసినవాడు. మోకాలు చెడి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్నాడు. ఆ రబ్బరు సంచిలో కూర్చుని ఒక ఆకుని కొస నుంచి మెల్లగా విప్పుతూ ఉంటే, నేను కుట్టిన హుక్కులు నా కళ్ళ ముందే ఉన్నా నాకు ఒళ్ళు జలదరించింది. కెమెరా నడుస్తుండగా లోపల్నుంచి మాట్లాడకూడదు గనుక ఒక గుర్తు పెట్టుకున్నాం. ఒక ఆకు ఎత్తితే బాగానే ఉన్నానని. రెండూ కలిపి ఎత్తితే విప్పండి బాబోయ్ అని. రెండో ఆకు ఎత్తడం సాధన చేస్తూ టీ కెటిల్‌ని పడగొట్టేశాడు. నాన్న నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. ఆ మనిషి అలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

"ఈ మొక్క గట్టెక్కితే వచ్చే సీరియల్లో డాక్టరు వేషం నాకే," అన్నాడు ఐవర్ బయటికొచ్చి చెమట తుడుచుకుంటూ. "డైరెక్టరు మాటిచ్చాడు. ఇరవై రెండు డైలాగులు. మొహం కూడా కనిపిస్తుంది."

"ఆ మొహానికి డాక్టరా? రోగి వేషం ఇమ్మను," అన్నాను. కానీ లోపల్లోపల పొంగిపోయాను. రెండేళ్ళ తర్వాత అతను పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడు, నాకది చాలు.

గొడవ మొదటి రోజు షూటింగులోనే మొదలైంది. నాన్న దొరసాని వీపు హుక్కులు పెడుతుండగా మా బట్టల విభాగం పెద్ద మిసెస్ లాక్‌వుడ్ మెడలో కొలతల టేపు వేసుకుని వచ్చి నిలబడింది. ఆవిడ ఎదుట నిలబడాలంటే హీరోలు కూడా పొట్ట లోపలికి లాక్కునేవారు.

"హెరాల్డ్, చెయ్యి తియ్యి. లోపల మనిషి ఉన్నాడు. మనిషి తొడుక్కునేది బట్ట. బట్టలు మావి."

"కుర్చీలో కూడా మనిషి కూర్చుంటాడు. కుర్చీ బట్టా?"

"కుర్చీకి వీపున హుక్కులుండవు."

"ట్రంకుపెట్టెకి ఉంటాయి. రేపు అదీ నీదేనంటావా?"

"ట్రంకుపెట్టెలో నీ అల్లుణ్ణి కూర్చోబెడితే అంటాను."

చుట్టూ జనం మూగారు. సామాను వాళ్ళు ఆ పక్క, మావాళ్ళు ఈ పక్క. డైరెక్టరు తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నలభై నిమిషాలు వాదించుకున్నారు. ఆ నలభై నిమిషాలూ ఐవర్ సగం హుక్కులు పెట్టిన మొక్కలోనే ఉన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఒక్కరికీ అతన్ని బయటికి తీయాలని తోచలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తోచలేదు.

చివరికి పైనుంచి మేనేజరు ఒక కాగితం పంపాడు. మూడో వారం గురువారం మధ్యాహ్నం, రెండు యూనియన్ల వాళ్ళతోనూ మీటింగు. అందాకా ఏ విభాగం వాళ్ళూ ఆ హుక్కులు ముట్టకూడదు. తయారుచేసిన మనిషిగా హెరాల్డ్ ఒక్కడే పెట్టాలి, ఒక్కడే తీయాలి. ఆ కాగితాన్ని స్టూడియో తలుపుకి అతికించారు.

నాన్నని మొండివాడని అందరూ అనేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమే, కాదనను. కానీ అందులో ఆయన స్వార్థమేమీ లేదు. ఆ చలికాలంలో పని సగమైపోయింది. దొరసాని బట్టల కిందికి పోతే రేపు ముసుగులు పోతాయి, ఎల్లుండి భూతాలు, దెయ్యాలు, తోడేలు మనుషులు పోతారు. వర్క్‌షాపులో ఇద్దరు ముగ్గురు ఇంటికి వెళ్ళాల్సి వస్తుంది. అందులో రెజ్ అనేవాడికి నలుగురు పిల్లలు. ఇవన్నీ నాన్న రాత్రీ పగలూ తలలో వేసుకుని తిరిగేవాడు. నేను ఆయన్ని గౌరవించాను. ఇప్పటికీ ఆ విషయంలో గౌరవిస్తాను.

నా బతుకే రెంటికీ చెడ్డ రేవడి అయింది. కాంటీన్లో బట్టల పిల్లలు నా టేబుల్ దగ్గర కూర్చోవడం మానేశారు. సామాను వాళ్ళు నేను హుక్కుల వైపు చూస్తే చాలు, దొంగని చూసినట్టు చూసేవారు. నేను దొరసానికి పది అడుగుల దూరంలో నిలబడి ఐవర్ కోసం తువ్వాలు, నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉండేదాన్ని. తువ్వాలు బట్టల విభాగానిదే కాబట్టి దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

రెండో వారం ఆఖరికి ఐవర్‌కి దగ్గు పట్టుకుంది. రబ్బరు వాసన, లైట్ల వేడి, బయటికొస్తే మంచు. ఆదివారం మధ్యాహ్నం బంగాళాదుంపలు, మాంసం తింటూ ఉండగా చెంచా కింద పెట్టేశాడు.

"మామయ్యా, ఒక్క సాయం చెయ్యి. లోపల ఒక తాడు పెట్టు. లాగితే హుక్కులు ఊడిపోవాలి. చేత్తో అందకపోతే పళ్ళతో లాక్కుంటా."

నాన్న వెంటనే కాదనలేదు. కాసేపు ఆలోచించాడు. ఆయనకి పని కనిపిస్తే చాలు, కళ్ళ ముందు బొమ్మ కట్టేది. "పెట్టొచ్చు. పెద్ద కష్టమేం కాదు," అన్నాడు. మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. "కానీ తాడు పెట్టాలంటే కుట్టాలి. లోపలివాడు తనంతట తనే విప్పుకునేదైతే అది తొడుగేనంటుంది ఆ లాక్‌వుడ్. చేతులారా కేసు ఆమె చేతిలో పెట్టినట్టవుతుంది. గురువారం కానియ్యి. శుక్రవారం పొద్దున నీకు తాడు ఉంటుంది."

"గురువారం దాకా ఊపిరి పీల్చుకోవచ్చా మామయ్యా, దానికీ మీటింగు పెట్టారా?"

"ఎటకారాలు ఆపు. నీ కోసం నలుగురి పొట్ట కొట్టమంటావా?"

ఐవర్ చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత గిన్నెలు తుడుస్తూ నా పక్కన నిలబడి, మెల్లగా అన్నాడు. "నువ్వు కుట్టెయ్యవే. హుక్కులు కుట్టలేదూ? ఆయనకి చెప్పొద్దు."

"ఎవరైనా చూస్తే అందరూ నా మీద పడతారు. నీకు పుణ్యముంటుంది, గురువారం దాకా ఓపిక పట్టు. మధ్యలో ఉన్నది మూడు రోజులేగా."

"మూడు రోజులే," అన్నాడు. చెంప మీద తడిచేత్తో తట్టి నవ్వాడు. నా డబ్బాలో దారం ఉంది, దబ్బనం ఉంది, గంట పని. కుట్టి ఉండాల్సింది. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

గురువారం దొరసాని పాస్టరుగారిని మింగే రోజు. నాన్న పొద్దున్నే కోటు వేసుకుని, బూట్లకి పాలిష్ పెట్టుకుని బయల్దేరాడు. మీటింగు మూడు గంటలకి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఐవర్‌ని లోపల కూర్చోబెట్టి, పన్నెండు హుక్కులూ ఒక్కొక్కటే పెట్టాడు. వీపు మీద తట్టాడు.

"టీ గంటకి ముందే వచ్చేస్తా. నీ పాస్టరుని తొందరగా మింగు."

ఐవర్ ఒక ఆకు ఎత్తాడు.

ఆ రోజు షాటులో తేడా ఏమిటంటే, దొరసాని నోరు పూర్తిగా మూసుకోవాలి. మామూలుగా నోరు తెరిచి ఉంటుంది కాబట్టి అతనికి గాలి అటునుంచి వచ్చేది. ఆ రోజు నోరు మూసుకోగానే పెదవులు రెండూ లోపల్నుంచి బిగుసుకునేలా పిన్నులు పెట్టారు. పైగా పొగ. పొగ వాళ్ళది ఇంకో విభాగం, వాళ్ళ సామాను ఇంకెవరూ ముట్టకూడదు. వేన్నీళ్ళ డ్రమ్ములో డ్రై ఐస్ వేస్తే తెల్లటి పొగ నేల మీద పారుతుంది. చూడ్డానికి తోటగదిలో పొగమంచు కమ్మినట్టే ఉంటుంది. డ్రమ్ముని దొరసాని వెనకే పెట్టారు. చుట్టూ గాజు గోడలు. పొగ బయటికి పోకుండా గుమ్మానికి గోనెసంచి కూడా అడ్డం పెట్టారు.

మొదటి టేకులో పాస్టరు వేషగాడు నవ్వాడు. రెండో టేకులో కెమెరా చక్రం ఇరుక్కుంది. మూడో టేకులో అంతా కుదిరింది. పాస్టరు లోపలికి జారిపోయాడు, అంటే వెనక ఉన్న పరుపు మీదికి. నోరు మూసుకుంది. దొరసాని కదలకుండా కూర్చుంది. అప్పుడు రెండు ఆకులూ కలిసి మెల్లగా పైకి లేచాయి.

"అబ్బ! అబ్బబ్బ!" అన్నాడు డైరెక్టరు. "చెప్పకుండానే చేశాడు చూడు! తిన్నాక ఒళ్ళు విరుచుకున్నట్టు! ఉంచండి, కెమెరా దాని మీదే ఉంచండి."

నేను ఫ్లోర్ మేనేజరు మోచెయ్యి పట్టుకున్నాను. "అది నటన కాదండీ. విప్పమంటున్నాడు."

"టేకు అవనీ తల్లీ," అన్నాడు గుసగుసగా.

టేకు అయింది. అయిన మరుక్షణం టీ గంట మోగింది. మూడూ నలభై అయిదు. టీ గంట మోగాక ఒక్క మేకు కొట్టినా తప్పే, అది అందరూ కలిసి ఒప్పుకున్న రూలు. రెండు నిమిషాల్లో అరవై మంది బయటికి పోయారు. కరెంటు పొదుపని విరామంలో పెద్ద లైట్లు, గాలి ఫ్యాన్లు కూడా ఆపేసేవారు ఆ చలికాలంలో. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. పొగవాడు డ్రమ్ము మూత పెట్టకుండానే వెళ్ళిపోయాడు. నాన్న రాలేదు.

మిగిలింది నేనూ, రెజ్. మావాళ్ళెవరూ హుక్కుల మీద చెయ్యి వెయ్యకుండా చూడ్డానికి సామాను వాళ్ళు అతన్ని కాపలా పెట్టారు.

"రెజ్, విప్పమంటున్నాడు. విప్పు."

"నేనెట్లా విప్పుతా? మీ నాన్నొక్కడే కదా. కాయితం చదవలా?"

"అయితే నేను విప్పుతా."

రెజ్ నా దారికి అడ్డంగా వచ్చాడు. దబాయించలేదు. బతిమాలాడు. "బెరిల్, నీకు దణ్ణం పెడతా. బట్టల పిల్ల విప్పిందని తెలిస్తే పైన మీ నాన్న చెప్పేదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆయన ఈ నిమిషాన అక్కడ నా కోసమే నిలబడి మాట్లాడుతున్నాడు. వెళ్ళి పిలుచుకురా, రెండు నిమిషాల పని."

నేను గోనెసంచి తప్పించి గాజుగదిలోకి వంగి, దొరసాని పక్కన నోరు పెట్టి అన్నాను. "ఐవర్, నాన్నని తీసుకొస్తా. ఇదిగో, వెళ్ళి వచ్చేస్తా."

"తొందరగా," అన్నాడు. గొంతు బాగానే ఉంది. బాగానే ఉందని అనుకున్నాను.

పరుగెత్తాను. నడవా పొడవునా, రెండంతస్తుల మెట్లు, మళ్ళీ నడవా. మీటింగు గది తలుపు కాస్త తెరిచి చూశాను. పొడుగాటి బల్ల, ఇద్దరు మేనేజర్లు, రెండు యూనియన్ల పెద్దలు, మిసెస్ లాక్‌వుడ్, మధ్యలో బిస్కట్ల పళ్ళెం. నాన్న నిలబడి మాట్లాడుతున్నాడు. నన్ను చూశాడు. చూసి ఒక వేలు ఎత్తాడు. ఒక్క నిమిషం అని.

నేను ఆగాను.

లోపలికి వెళ్ళి అరవచ్చు. బల్ల మీద కొట్టచ్చు. కానీ ఆ గదిలోకి పిలవకుండా నాలాంటివాళ్ళు వెళ్ళరు. ఆయన మాటని మధ్యలో తెంచితే ఆ మాట మళ్ళీ అతుక్కోదేమోనని కూడా అనిపించింది. తలుపు దగ్గరకి వేసి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల ఎవరో ఏదో చదివారు. ఎవరో దగ్గారు. చేతులెత్తమన్నారు. గడియారం వైపు చూడలేదు, చూస్తే భయమేస్తుందని.

తలుపు తెరుచుకుంది. నాన్న మొహం వెలిగిపోతోంది.

"గెలిచామే! సామానే అని రాశారు! అది మాదే!"

"నాన్నా, ఐవర్ రెండు ఆకులూ ఎత్తాడు."

"ఎప్పుడు?"

"టీ గంటకి ముందు."

ఆయన గోడమీది గడియారం చూశాడు. నేనూ అప్పుడే చూశాను. నాలుగు కావడానికి రెండు నిమిషాలుంది. మెట్లు ఆయన ఎంత తొందరగా దిగగలడో అంత తొందరగా దిగాడు. నేను ఆయన వెనకే దిగాను. ముందుకు పరుగెత్తలేదు. పరుగెత్తి ఏం చేస్తాను, ముట్టకూడదు కదా.

గాజుగది నడుం ఎత్తు దాకా తెల్లగా ఉంది. దొరసాని ఆకులు రెండూ కిందికి వాలి ఉన్నాయి. రెజ్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "చడీ చప్పుడూ లేదు హెరాల్డ్. నిద్రపోయాడేమో," అన్నాడు.

నాన్న పొగలోకి వంగి పై హుక్కు పట్టుకున్నాడు. వేళ్ళు వంగడం లేదు. ఒకటి తీశాడు. రెండు. మూడో దానికి రెండు చేతులూ పెట్టాడు. నేను పక్కనే నిలబడి లెక్కపెడుతున్నాను. నాలుగు. అయిదు. ఆరు. ఏడో హుక్కు దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి.

"నువ్వు తియ్యి," అన్నాడు.

మిగతా ఆరూ తీశాను. ఒక్క ఊపిరి పట్టే లోపలే అయిపోయింది.

ఐవర్‌ని లాగి బయట చాప మీద పడుకోబెట్టాం. మొహం మీద చెమట ఇంకా ఆరలేదు. స్టూడియో నర్సు వచ్చింది, తర్వాత డాక్టరు వచ్చాడు. టీ తాగి తిరిగొచ్చిన జనం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మిసెస్ లాక్‌వుడ్ జనాన్ని తోసుకుని వచ్చి, తన కోటు విప్పి అతని మీద కప్పింది. డాక్టరు నా వైపు కాకుండా నాన్న వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆ భాగం మార్చిలో టీవీలో వేశారు. రెండు ఆకులూ ఎత్తిన ముక్క తీసెయ్యలేదట. మొక్కలో నిజంగా ప్రాణం ఉన్నట్టుందని ఒక పేపర్లో రాశారని రెజ్ పెళ్ళాం చెప్పింది. నేను చూడలేదు. మా ఇంట్లో టీవీ అప్పటికే అమ్మేశాం.

మరణ విచారణ ఫిబ్రవరిలో జరిగింది. వర్షం. ఆ గదిలోనూ కరెంటు లేదు, కిటికీల దగ్గర దీపాలు పెట్టారు. విచారణ అధికారి ముసలాయన, మర్యాదస్తుడు. డ్రై ఐస్ పొగ అంటే కార్బన్ డయాక్సైడని, అది గాలికన్నా బరువు గనుక కిందే నిలుస్తుందని, అందులో ఉన్నవాడికి ఊపిరాడదని పొగ విభాగం వాళ్ళ చేత చెప్పించాడు. తలుపుకి అతికించిన కాగితం చదివించాడు. నాన్నని పిలిచాడు. నాన్న నిలబడి, ఒక్కటే మాట అన్నాడు.

"ఆ మొక్క మాదండీ. దాని బాధ్యత నాది."

తర్వాత నన్ను పిలిచారు.

"అమ్మా, మీరు ఆ సమయంలో అక్కడే ఉన్నారు. ఆ హుక్కులు తీయడం మీకు తెలుసా?"

"తెలుసండీ."

"మరి మీరెందుకు తీయలేదు?"

"అది నా విభాగం పని కాదండీ."

ఆ మాట నా నోటంట ఎంత సులువుగా వచ్చిందో. గదిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. సామాను వాళ్ళు తలలూపారు. మావాళ్ళూ ఊపారు. స్టూడియో లాయరు ఊపాడు. విచారణ అధికారి కళ్ళజోడు సవరించుకుని, ఆ మాటని నెమ్మదిగా రాసుకుని, "అవును మరి," అన్నాడు. ప్రమాదవశాత్తు మరణం అని తేల్చారు.

ఇంటికి నడిచి వచ్చాం, ఇద్దరం ఒక్క గొడుగు కింద. నాన్న పొయ్యి ముందు కుర్చీలో కోటు విప్పకుండానే కూర్చున్నాడు. నేను టీ పెట్టాను. కప్పు ఆయన చేతికి ఇవ్వబోతే అందుకోలేదు.

"బెరిల్."

"ఊఁ."

"ఆ రోజు నువ్వు విప్పి ఉంటే నేను నిన్ను ఊరుకునేవాణ్ణి కాదు. యూనియన్ ముందు నిలబెట్టేవాణ్ణి. పని పీకించేవాణ్ణి. కూతురని చూసేవాణ్ణి కాదు. తెలుసా నీకు?"

"తెలుసు నాన్నా."

ఆయన వంగి పొయ్యిలో బొగ్గు ఎగదోశాడు.

"అయినా విప్పాల్సిందే," అన్నాడు.

"అవును నాన్నా," అన్నాను.